పాత డీజిల్ బండి బ్రేకులు: ఇంట్లో చేసుకోదగినంత, చేయకూడనంత



ఇంజను చెడిన బండి ఇంటి ముందే నిలిచి ఉంటుంది. దానివలన ఎవరికీ ప్రమాదము లేదు. బ్రేకు చెడిన బండి అలా కాదు. అది మామూలుగానే బయలుదేరుతుంది. దాని లోపము బయటపడేది ఆపవలసి వచ్చినప్పుడే. అప్పుడు ముందు సీటులో తల్లి ఒడిలో బిడ్డ ఉండవచ్చును, రోడ్డు మీద బడి నుండి వచ్చే పిల్లలు ఉండవచ్చును. అందుచేత ఈ నెల ఈ శీర్షికలో బ్రేకులను గురించి వివరముగా వ్రాస్తున్నాము. తండ్రిగారి కాలమునాటి డీజిల్ కారును అమ్మలేక, అలాగని వదలలేక ఇంట్లో ఉంచుకొన్న కుటుంబములు మన మధ్య ఇంకా కొన్ని ఉన్నవి. ఈ మాటలు ముఖ్యముగా వారి కొరకు.

మన ప్రాంతములో పాత డీజిల్ కారు అంటే ఎక్కువమందికి గుర్తు వచ్చేది అంబాసిడరే. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ కారు నమూనా మీద హిందుస్తాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో దీనిని తయారుచేసిరి. 1950ల చివరలో మొదలైన ఆ తయారీ 2014 మే నెలలో ఆగిపోయినది. 1489 సి.సి. డీజిల్ ఇంజను పెట్టిన బండ్లు టాక్సీలుగాను, ఆఫీసు కార్లుగాను, పెద్ద కుటుంబముల వాహనముగాను ఊరూరా తిరిగినవి. మా యింట ఉన్నది కూడా అటువంటిదే, 1980లలోని బండి. నాలుగు చక్రములకూ డ్రమ్ము బ్రేకులే. రెండు సంవత్సరముల క్రిందట వాటిని పూర్తిగా విప్పి, మా యింటి వసారాలో తిరిగి కట్టుకొన్నాము. మా వీధి చివరి మేస్త్రీ కొంత పని చేసిపెట్టి, కొంత మాకు నేర్పి, కొంత పనికి మాత్రము “ఇది మీరు ముట్టుకోకండి అయ్యగారూ” అని గట్టిగా చెప్పెను. ఆ మూడు భాగములనూ అలాగే మీ ముందు పెడుతున్నాము.

బ్రేకు పట్టే విధము

మనము పెడలు మీద వేసే బరువు చిన్నది. ఉదాహరణకు 20 కిలోల బరువుతో తొక్కితిమి అనుకొందము. పెడలు కడ్డీ అయిదు రెట్ల లాభమునిచ్చే విధముగా అమర్చి ఉంటే మాస్టర్ సిలిండరులోని పిస్టను మీద 100 కిలోల బరువు పడుతుంది. ఆ పిస్టను వైశాల్యము 4 చదరపు సెంటీమీటర్లయితే లోపలి బ్రేక్ ఆయిల్ మీద ఒక్కొక్క చదరపు సెంటీమీటరుకు 25 కిలోల ఒత్తిడి. ఆ ఒత్తిడి గొట్టముల గుండా అన్ని చక్రములకూ సమానముగా పోతుంది. చక్రము దగ్గరి సిలిండరు పిస్టను వైశాల్యము 5 చదరపు సెంటీమీటర్లయితే అక్కడ బ్రేక్ షూ మీద 125 కిలోల తోపు. షూ వెళ్ళి తిరుగుతున్న డ్రమ్మును లోపలి నుండి ఒరుసుకొంటుంది, బండి ఆగుతుంది.

ఇదంతా ఒక్క సంగతి మీద నిలిచి ఉన్నది: ద్రవము నలగదు. గాలి నలుగుతుంది. గొట్టములో చిన్న గాలి బుడగ ఉన్నా మన కాలి బలము దానిని నలపడానికే ఖర్చవుతుంది గాని షూను కదపదు. పెడలు మెత్తగా స్పాంజివలె దిగిపోవడానికి కారణము సాధారణముగా అదే.

ఇక ఆపిన బలమంతా వేడిగా మారుతుంది. మనుషులతో కలిపి 1500 కిలోల బండి గంటకు 60 కిలోమీటర్ల వేగములో నుండి ఒక్కసారి ఆగితే పుట్టే వేడితో 30 డిగ్రీల నీళ్ళు సుమారు 700 మిల్లీలీటర్లు మరుగు స్థితికి తేవచ్చును. వేగము రెట్టింపయితే వేడి నాలుగు రెట్లు. అదే బండి అరకు నుండి ఘాట్ రోడ్డు మీదుగా 800 మీటర్లు క్రిందికి దిగితే ఆ దిగుడులోని శక్తి 40 లీటర్ల నీళ్ళను మరిగించగలదు. ఇంజను, ఎదురుగాలి కొంత పంచుకొన్నా మిగిలినదంతా మోయవలసినవి ఆ నాలుగు డ్రమ్ములే. డ్రమ్ము వేడెక్కిన కొలదీ వ్యాకోచించి షూకు దూరముగా జరుగుతుంది. లైనింగు పట్టు కూడా తగ్గుతుంది. అందుకే ఘాట్ దిగువన పెడలు క్రమముగా లోపలికి పోతుంది. ఎక్కిన గేరులోనే దిగవలెనని పాత డ్రైవర్లు చెప్పే మాటలోని అర్థము ఇదే.

డీజిల్ బండికి ఉన్న ప్రత్యేకత

పెట్రోలు ఇంజనులో గాలి దారికి అడ్డముగా ఒక రేకు ఉంటుంది. యాక్సిలరేటరు వదలినప్పుడు అది మూసుకొని, లోపల గాలి పలుచబడుతుంది. ఆ పలుచదనమునే పట్టుకొని బ్రేకు బూస్టరు పని చేస్తుంది. పాత డీజిల్ ఇంజనులో ఆ రేకు లేదు. గాలి ఎప్పుడూ నిండుగానే పోతుంది. కాబట్టి బూస్టరు ఉన్న డీజిల్ బండికి గాలిని లాగే పంపు వేరుగా ఉండవలెను. చాలా బండ్లలో అది ఆల్టర్నేటరు వెనుకనే ఉంటుంది. ఆ పంపు అరిగినా, దాని రబ్బరు గొట్టము చిట్లినా బ్రేకులలో ఏ లోపము లేకపోయినా పెడలు రాయివలె గట్టిపడుతుంది. షూలు మార్చి, సిలిండర్లు మార్చి డబ్బు పోగొట్టుకొనే ముందు ఈ గొట్టమును చూచుకొనండి. బూస్టరు లేని పాత బండ్లకు ఈ చిక్కు లేదు. బరువు మాత్రము కాలే మోయవలెను.

రెండవ సంగతి: గాలిని అడ్డగించే రేకు లేనందున, యాక్సిలరేటరు వదిలినప్పుడు డీజిల్ ఇంజను బండిని పట్టి ఉంచే బలము పెట్రోలు ఇంజను కంటె సాధారణముగా తక్కువ. ఆ లోటు కూడా బ్రేకుల మీదనే పడుతుంది.

మూడవది చాలా ముఖ్యమైనది. డీజిల్ బండి ఉన్న ఇంట్లో డబ్బాలో డీజిల్ ఉంటుంది. ఏ సామాను విప్పినా దానితో కడుగుట మనకు అలవాటు. బ్రేకు రబ్బర్లకు మాత్రము డీజిల్, కిరోసిన్, పెట్రోలు, ఇంజను ఆయిల్, మామూలు గ్రీజు ఏదియు తగలకూడదు. ఆ రబ్బరు నూనెను పీల్చి ఉబ్బిపోతుంది. ఉబ్బిన రబ్బరు సిలిండరులో ఇరుక్కొంటుంది. షూ వెనుకకు రాదు, లేదా కొద్దికాలమునకే రబ్బరు చిరిగి కారుతుంది. సిలిండరు లోపల కడుగుటకు బ్రేక్ క్లీనరు గాని, స్పిరిటు గాని, క్రొత్త బ్రేక్ ఆయిల్ గాని వాడవలెను. ఆ పనికి డీజిల్ ఎన్నడూ ముట్టని గుడ్డను, వేరే గిన్నెను పెట్టుకొనండి.

పని మొదలు పెట్టే ముందు

నేల గట్టిగా, సమముగా ఉండవలెను. వెనుక డ్రమ్ములు విప్పుటకు హ్యాండ్ బ్రేకు వదలవలసి వస్తుంది గనుక, ఎత్తని చక్రములకు ముందూ వెనుకా చెక్క దిమ్మెలు తప్పక పెట్టండి. జాకీ బండిని ఎత్తుటకు మాత్రమే. ఎత్తిన తరువాత ఇనుప స్టాండ్ల మీదకు దించి, బండిని చేతితో ఊపి చూచి, అప్పుడే చక్రము విప్పండి. ఇటుకల మీద నిలపవద్దు. ఇటుక చెప్పకుండా పగులుతుంది.

దుమ్మును గురించి ఒక హెచ్చరిక. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ నార కలిసి ఉంటుంది. అది ఊపిరితిత్తులలోనికి పోతే కాన్సరు, ఆస్బెస్టోసిస్ వంటి వ్యాధులు వచ్చును. అవి బయటపడుటకు ఇరువది, ముప్పది సంవత్సరములు కూడా పట్టవచ్చును. డ్రమ్ము ఊడదీసి నోటితో ఊదుట, గాలి పైపుతో కొట్టుట, పొడి చీపురుతో ఊడ్చుట ఏదియు చేయవద్దు. నీళ్ళలో కొంచెము సబ్బు కలిపి చిమ్మి, దుమ్మును తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను ప్లాస్టిక్ సంచిలో కట్టి పారవేయండి. పని చేసిన బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకవద్దు. డ్రమ్ములు విప్పే గంటసేపు పిల్లలను ఆ చోటికి రానివ్వకండి. మా అబ్బాయికి ఈ పని మీద చాలా మక్కువ. అయినను వానిని డ్రమ్ములు శుభ్రమైన తరువాతనే పిలిచితిమి.

డ్రమ్ము లోపల చూడవలసినవి

రెండు ప్రక్కలనూ ఒకేసారి విప్పకండి. ఒక ప్రక్క చక్రము విప్పి పని చేస్తున్నప్పుడు రెండవ ప్రక్క చెక్కుచెదరకుండా ఉంటే, ఏ స్ప్రింగు ఏ రంధ్రములో ఉండవలెనో చూచుకొనుటకు అదే పాఠ్యపుస్తకము. ఇప్పుడు ప్రతివారి చేతిలో ఫోను ఉన్నది గనుక విప్పకముందే ఒక ఫొటో తీసుకొనండి.

డ్రమ్ము ఊడిరాకపోతే సుత్తితో బాదకముందు అడ్జస్టరును వదులు చేయండి. షూలు డ్రమ్ము అంచుకు పట్టి ఉండుట వలన రాదు గాని తుప్పు ఒక్కటే కారణము కాదు.

లోపల తడి కనబడితే అది ఏ తడియో తెలిసికొనవలెను. దీనికి మా మేస్త్రీ చూపిన పరీక్ష చాలా సులువైనది. ఆ తడిని కొంచెము నీళ్ళలో వేయండి. మామూలు బ్రేక్ ఆయిల్ నీళ్ళలో కలిసిపోతుంది. అయితే చక్రపు సిలిండరు కారుచున్నది. వెనుక ఇరుసు నూనె నీళ్ళ మీద తేలుతుంది; అయితే ఇరుసు సీలు పోయినది. సీలు మార్చకుండా క్రొత్త షూలు వేయుట చిల్లుకుండలో నీళ్ళు పోయుటే.

నూనె పీల్చిన లైనింగును కడిగి, కాల్చి, గరుకు కాగితముతో రుద్ది మరల వాడువారు ఉన్నారు. వాడవద్దు. వేడెక్కినప్పుడు లోపలి నూనె పైకి వస్తుంది. రివెట్లు వేసిన లైనింగు రివెట్ తల మీద ఒక మిల్లీమీటరు కూడ మిగలకపోతే మార్చవలసినదే. మార్చునప్పుడు ఒకే ఇరుసు మీది రెండు చక్రములకూ కలిపి మార్చండి. ఒక ప్రక్క క్రొత్తది, ఒక ప్రక్క పాతది అయితే బ్రేకు తొక్కగానే బండి ప్రక్కకు లాగుతుంది. వానలో ఎదురుగా లారీ వచ్చునప్పుడు అలా లాగితే ఏమగునో వేరే చెప్పనక్కర లేదు. ఖర్చు సగమగునని ఇక్కడ ఆశపడరాదు.

డ్రమ్ము లోపల వ్రేలితో తడిమి చూడండి. లోతైన గీతలు, అంచున ఎత్తైన గట్టు ఉంటే లేత్ మీద చెక్కించవలెను. అయితే కంపెనీ పుస్తకములో ఇచ్చిన హద్దు దాటి చెక్కిస్తే డ్రమ్ము పలుచనై, వేడిని ఆపుకొనలేక పగులును. హద్దు దాటినదానిని ఇనుప సామాను కొట్టుకు ఇచ్చివేయుటే మేలు.

సిలిండర్లు, రబ్బర్లు

చాలా అంబాసిడర్లలో ముందు చక్రములకు రెండేసి సిలిండర్లు, వెనుక చక్రములకు ఒక్కొక్కటి ఉంటాయి. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు ఒరుగుతుంది గనుక ముందు చక్రములకే ఎక్కువ పని.

సిలిండరు మీది రబ్బరు తొడుగును మెల్లగా ఎత్తి చూడండి. లోపల తడి ఉంటే కప్పు వాషరు పోయినది. పిస్టన్లు తీసి, సిలిండరు లోపల శుభ్రమైన గుడ్డతో తుడిచి వెలుతురులో చూడండి. మచ్చ మాత్రమే ఉంటే సన్నని గరుకు కాగితమును బ్రేక్ ఆయిల్‌లో తడిపి గుండ్రముగా తిప్పితే పోతుంది. గోటికి తగిలే గుంట ఉంటే ఎంత రుద్దినా ప్రయోజనము లేదు. ఆ గుంట క్రొత్త రబ్బరును కోసివేయును. సిలిండరే మార్చవలెను.

రబ్బరు కిట్టు కొనునప్పుడు పెట్టె తెరిచి చూచి కొనండి. అంబాసిడర్ తయారీ ఆగి ఏండ్లు గడిచినది గనుక కొట్లలో ఎన్నో సంవత్సరములు మూలబడిన సరకు కూడా ఉంటుంది. రబ్బరు బండికి వేయకపోయినా ముసలిదగును. వాషరును రెండు వ్రేళ్ళ మధ్య వంచితే సన్నని పగుళ్ళు కనబడినచో తిరిగి ఇచ్చివేయండి. మాకు ఒక కొట్టులో ఇచ్చిన హోస్ పైపు అట్టిదే. వంచగానే పైపొర చిట్లినది. బ్రేకు వద్ద అంచనాలు పనికిరావు.

తిరిగి కూర్చునప్పుడు రబ్బరుకూ పిస్టనుకూ క్రొత్త బ్రేక్ ఆయిల్ రాసి, కప్పు అంచు మడత పడకుండా వ్రేలితోనే త్రోయండి. స్క్రూడ్రైవరు కొన తగిలితే క్రొత్త రబ్బరు అక్కడికక్కడే పోయినట్లు.

గొట్టములు, మాస్టర్ సిలిండరు

ఇనుప గొట్టములకు పైన మట్టి అంటుకొని తడి నిలుచు చోట తుప్పు తినును. మట్టి గోకి చూడండి. తుప్పు పొరలుగా లేచినచో ఆ గొట్టము మార్చవలసినదే.

రబ్బరు హోసుల జబ్బు కంటికి కనబడదు. పైన బాగానే ఉండి లోపల ఉబ్బి మూసుకొనును. కాలు బలముతో ఆయిల్ లోపలికి పోవును గాని వెనుకకు రాలేదు. ఆ ఒక్క చక్రము మాత్రము పట్టుకొని, వేడెక్కి, వాసన కొట్టును. అట్టి చక్రము ఎత్తి, నిప్పిల్ కొంచెము వదులు చేయగానే చక్రము స్వేచ్ఛగా తిరిగినచో ఒత్తిడి లోపలనే చిక్కుకొన్నదని అర్థము. మొదట హోసును అనుమానించండి. నాలుగు చక్రములూ అలాగే పట్టుకొనుచుంటే అనుమానము మాస్టర్ సిలిండరు మీదికి మార్చండి.

మాస్టర్ సిలిండరులో పిస్టను ముందు సూదిమొన వంటి చిన్న రంధ్రము ఒకటి ఉంటుంది. కాలు తీయగానే వేడికి పెరిగిన ఆయిల్ ఆ రంధ్రము గుండా డబ్బాలోనికి తిరిగి పోవలెను. పెడలుకు పైన కొంచెము ఆట లేకుండా కడ్డీ బిగించినా, రబ్బరు ఉబ్బినా ఆ రంధ్రము మూసుకొని ఉండును. బయలుదేరినప్పుడు బాగానే ఉన్న బ్రేకులు పది కిలోమీటర్ల తరువాత తమంతట తామే పట్టుకొనును. అందుచేత పెడలు మొదట్లో కొద్దిగా వదులుగా కదలుట లోపము కాదు, అవసరము.

ఇంకొక మాట. చాలా పాత బండ్లలో ఆయిల్ దారి ఒక్కటే. ఏ ఒక్క చోట గొట్టము తెగినా నాలుగు చక్రముల బ్రేకులూ ఒకేసారి పోవును. తరువాతి కాలపు కార్లలో దారులు రెండుగా విడదీసిరి. మన బండికి ఒక్కటే దారి అయితే హ్యాండ్ బ్రేకు ఒక్కటే మనకు మిగిలిన తోడు. దానిని బండి నిలిపే కొక్కెముగా కాక రెండవ బ్రేకుగా చూచుకొనవలెను.

బ్రేక్ ఆయిల్, ఎయిర్ తీయుట

బ్రేక్ ఆయిల్ అని అంటాము గాని అది నూనె కాదు. గాలిలోని తేమను పీల్చుకొనే ద్రవము. క్రొత్త డాట్ 3 ద్రవము మరుగుటకు కనీసము 205 డిగ్రీల వేడి కావలెను, సుమారు 3.7 శాతము నీరు చేరిన తరువాత ఆ కనీసము 140 డిగ్రీలే. డాట్ 4 అయితే 230, 155. వేడిలో లోపలి నీరు ఆవిరి అయితే ఆ ఆవిరి గాలివలెనే నలుగును. పెడలు ఒక్కసారిగా నేలకు దిగును. అందుకే రెండేండ్లకొకసారి ఆయిల్ పూర్తిగా మార్చవలెను. తెరచి సగము వాడి బీరువాలో దాచిన డబ్బాను నమ్మవద్దు. సిలికోనుతో చేసిన డాట్ 5ను వీటితో కలుపరాదు. ఈ ద్రవము రంగు మీద పడితే రంగు లేచిపోవును. వెంటనే నీళ్ళతో కడగండి. మంచినీళ్ళ సీసాలో పోసి ఎన్నడూ ఉంచకండి. పిల్లలు త్రాగిన యెడల అది విషము.

ఎయిర్ తీయుటకు ఇద్దరు కావలెను. మాస్టర్ సిలిండరుకు మిక్కిలి దూరమైన చక్రముతో మొదలు పెట్టండి. మన దేశపు బండ్లలో అది సాధారణముగా వెనుక ఎడమ చక్రము. నిప్పిల్‌కు పారదర్శకమైన సన్నని గొట్టము తగిలించి, దాని రెండవ కొనను కొంచెము బ్రేక్ ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. మా యింట పెడలు దగ్గర మా అమ్మగారి కోడలు, చక్రము దగ్గర మేము, ఆయిల్ డబ్బా దగ్గర మా అబ్బాయి.

“తొక్కానండీ.”

“అలాగే ఉంచు... ఆ, నిప్పిల్ బిగించాను. ఇప్పుడు వదులు.”

“నాన్నా, డబ్బాలో సగానికి దిగింది!”

పని అంతా ఈ మూడు మాటలలోనే ఉన్నది. నిప్పిల్ బిగించకముందే పెడలు వదిలితే గాలి మరల లోపలికి పోవును. డబ్బా ఖాళీ అయితే మొదటికి వచ్చును. సీసాలో బుడగలు పూర్తిగా ఆగేవరకు చేసి తరువాతి చక్రమునకు పోవలెను. పాత మాస్టర్ సిలిండరు అయితే పెడలును నేలదాకా కొట్టవద్దు. క్రింద ఒక చెక్కముక్క పెట్టండి. ఎన్నడూ పిస్టను పోని తుప్పు చోటికి రబ్బరు పోయి కోసుకొనును. సీసాలోనికి వచ్చిన ఆయిల్ మరల వాడరాదు.

సర్దుబాటు, పరీక్ష

చక్రము తిరగకుండా పట్టేవరకు అడ్జస్టరు బిగించి, సన్నగా ఒరుసుకొనే శబ్దముతో స్వేచ్ఛగా తిరిగేవరకు వెనుకకు వదలండి. పెడలు రెండు మూడుసార్లు గట్టిగా తొక్కితే షూలు తమ చోట సర్దుకొనును. మరల ఒకసారి చూడండి. హ్యాండ్ బ్రేకు తీగను అన్నిటికంటె చివర సరిచేయవలెను.

పరీక్ష బండి కదలకముందే మొదలగును. పెడలును గట్టిగా తొక్కి ఒక నిమిషము పట్టి ఉంచండి. మెల్లగా దిగుచున్నదంటే ఎక్కడో కారుచున్నది, లేదా మాస్టర్ సిలిండరు లోపలి వాషరు ఆయిల్‌ను వదలుచున్నది. బూస్టరు ఉన్న బండి అయితే ఇంజను ఆపి నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి ఇంజను వేయండి. పెడలు కొంచెము దిగవలెను. దిగకపోతే పంపును, దాని గొట్టమును చూడండి. తరువాత ఖాళీ మైదానములో నడక వేగముతో, ఆ తరువాత 30 కిలోమీటర్ల వేగముతో. క్రొత్త లైనింగు డ్రమ్ముకు ఒదుగుటకు ముప్పది నలుబది సార్లు మెత్తగా ఆపవలెను, మధ్యలో చల్లారనివ్వవలెను. దిగి నాలుగు చక్రముల దగ్గరా చేయి పెట్టి వేడి చూడండి. ఒకటి మిగిలిన వాటికంటె చాలా వేడిగా ఉంటే అది పట్టుకొని ఉన్నది. మరునాడు ఉదయము చక్రముల లోపలి వైపు తడి ఉన్నదేమో చూచిన తరువాతనే పని ముగిసినట్లు.

మా పని ముగిసిన మరునాడు బంధువుల ఇంట పెండ్లి, ఎస్. కోట వెళ్ళవలెను. ఉదయము చూడగా వెనుక ఎడమ చక్రము క్రింద రూపాయి బిళ్ళంత తడి. పెడలు గట్టిగానే ఉన్నది. పెట్టెలు సర్దియున్నవి. “నాయనా, నలుబది మైళ్ళే కదా, మెల్లగా పోదాము” అని మా అమ్మగారు. మేము తాళపు చెవి గూటిలో పెట్టి, అందరమూ బస్సు స్టాండుకు నడిచితిమి. తిరిగి వచ్చి చూడగా ఆ సిలిండరు వెనుక గొట్టపు నట్టు క్రింద సన్నని చీలిక. ఆ గొట్టము మార్పించితిమి. అది ఆ రోజు నిలిచేదో, దారిలో తెగేదో ఎవరు చెప్పగలరు? చెప్పలేము గనుకనే వెళ్ళలేదు.

ఇంట్లో చేయకూడనివి

డ్రమ్ము చెక్కుట, లైనింగు రివెట్లు వేయుట, గొట్టముల కొనలను మలచుట యంత్రము, అనుభవము ఉన్నవారి పని. గొట్టము తెగినచో రెండు ముక్కలను రబ్బరుతో కలుపుట, ఇత్తడి అతుకు వేయుట ఎన్నడూ చేయరాదు. బ్రేకులను ఎన్నడూ విప్పనివారు మొదటిసారి ఒంటరిగా విప్పరాదు. తెలిసినవానిని ప్రక్కన కూర్చోబెట్టుకొని నేర్చుకొనవలెను. మీరు పూర్తిచేసిన పనిని కూడా రోడ్డు ఎక్కకముందు ఒక మంచి మేస్త్రీకి చూపండి. ఆయనకు ఇచ్చే కూలి వృథా కాదు. నాలుగు కళ్ళు చూచినది రెండు కళ్ళు చూచినదానికంటె మేలు.

పదునైదు సంవత్సరములు నిండిన సొంత కారుకు రిజిస్ట్రేషను మరల చేయించుకొనునప్పుడు తనిఖీ ఉంటుంది. కాని ఆ కాగితము అయిదు సంవత్సరములకు వచ్చేది. బ్రేకు ప్రతి ఉదయము పని చేయవలసినది. కాగితము సరిగా ఉన్నదని చక్రము సరిగా ఉన్నట్లు కాదు.

ఇంట్లో ఈ పని చేసికొనుటలో ఆదాయమెంత అని కొందరు అడుగుదురు. కూలిలో కొంత మిగులును, నిజమే. అంతకంటె ఎక్కువ మిగిలేది తెలివి. ఏ శబ్దము మామూలుది, ఏ శబ్దము కాదు, పెడలు నిన్నటికంటె ఒక వ్రేలెడు లోతుకు పోతే ఎందుకు పోతున్నది అనేది చేతితో విప్పినవారికి తెలియును. ఆ తెలివి ఉన్నవాడు వేగము తగ్గించును, ఘాట్‌లో గేరు మార్చును, అనుమానము వచ్చిన రోజున బస్సు ఎక్కును.

మీ ఇంట అటువంటి బండి ఉన్నచో ఈ వారము మూడు పనులు చేయండి. ఆయిల్ డబ్బా మూత తీసి మట్టము, రంగు చూడండి. నల్లబడి ఉంటే మార్చవలసిన కాలము దాటినది. పెడలు ఒక నిమిషము తొక్కి పట్టండి. నాలుగు చక్రముల లోపలి వైపున వెలుతురు వేసి తడి చూడండి. మూడింటికీ కలిపి పావుగంట చాలును. అందులో ఏది తేడాగా ఉన్నా బండిని అక్కడే ఉంచి మేస్త్రీకి కబురు పంపండి.